ఎండిన సరస్సులో ఆకాశపు రాళ్ళు

1981 ఏప్రిల్ 14న ‘కొలంబియా’ రోదసి నౌక తన మొదటి ప్రయాణం ముగించుకుని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో దిగింది. గంటకు 300 కిలోమీటర్లకు పైగా వేగంతో అది నేలను తాకింది. అంత బరువు, అంత వేగం! దాన్ని దింపుకోవడానికి ఎంత మందాన సిమెంటు పోసి ఉంటారో అనుకుంటున్నారా? సిమెంటూ లేదు, తారూ లేదు. కొలంబియా దిగింది ఎండిపోయిన ఒక సరస్సు అడుగున, గట్టిపడిన బంకమట్టి మీద. మొహావీ ఎడారిలో ఉన్న ఆ సరస్సు పేరు రోజర్స్ ఎండు సరస్సు.

పూర్వం దాన్ని మ్యూరాక్ అనేవారు. ఆ పేరు వచ్చిన తీరు తమాషాగా ఉంటుంది. 1910లో అక్కడ కాపురం పెట్టిన కోరమ్ కుటుంబం వారు ఊరికి తమ ఇంటిపేరే పెట్టుకుందామనుకున్నారు. ఆ పేరులాంటిదే ఇంకో ఊరికి అప్పటికే ఉంది. అందుకని ఇంగ్లీషు అక్షరాలను చివరినుంచి మొదటికి తిప్పి రాసి మ్యూరాక్ అన్నారు!

1936లో ఈ సరస్సు అడుగున రెండు రాళ్ళు దొరికాయి. రెండూ ఆకాశం నుంచి పడ్డవే. అంటే ఉల్కాశిలలు. 1963లో ఆ ఎడారిలోనే ఉన్న లూసర్న్ ఎండు సరస్సులో ఇలాంటివి మళ్ళీ దొరికాయి. ఆ తరవాత వెతికేవాళ్ళు పెరిగారు, దొరికేవీ పెరిగాయి. ఒక్క కయోటీ ఎండు సరస్సు నుంచే వందకు పైగా రాళ్ళకు పరీక్షలు చేసి పేర్లు పెట్టారు. కయోటీ అంటే అక్కడి నక్కజాతి జంతువు.

ఆకాశానికి ఎండు సరస్సులంటే ప్రత్యేకమైన ప్రేమ ఏమైనా ఉందా? లేదు. ఉల్కాశిలలు భూమి మీద ఇంచుమించు అన్ని చోట్లా ఒకే తీరుగా పడతాయి. మూడింట రెండు వంతులకు పైగా సముద్రాల్లో మునిగిపోతాయి. మిగిలినవి అడవుల్లో, కొండల్లో, పొలాల్లో పడి కనబడకుండా పోతాయి. మన నెల్లూరు ప్రాంతంలో 1852 జనవరి 23న ఒక రాయి పడింది. పడుతుండగా జనం గమనించారు కనక అది శాస్త్రజ్ఞుల చేతికి వచ్చింది. అదే రాయి ఏ నల్లమల అడవిలోనో అర్ధరాత్రి పడి ఉంటే మనకు దాని సంగతే తెలిసేది కాదు. కాబట్టి పడడం వేరు, దొరకడం వేరు. ఎండు సరస్సు గొప్పతనం అంతా దొరకడంలోనే ఉంది.

సరస్సు ఎండితే

మీ ఊరి చెరువు వేసవిలో ఎండినప్పుడు చూసే ఉంటారు. అడుగున బంకమట్టి ఆరి, నెర్రెలు విచ్చి, పలకలు పలకలుగా కనిపిస్తుంది. వాగు చెరువులో కలిసే చోట గులకరాళ్ళూ ఇసకా ఉంటాయి గాని, నడిమధ్య మెత్తని ఒండ్రు తప్ప ఏమీ ఉండదు. కారణం మీకు తెలుసు. పరుగెత్తే నీరు పెద్ద రాళ్ళను కూడా దొర్లించుకు వస్తుంది. చెరువులోకి రాగానే దాని ఊపు తగ్గుతుంది. బరువైనవి అక్కడే పడిపోతాయి. సన్నని మట్టి మాత్రమే లోపలిదాకా వెళ్ళి నింపాదిగా అడుక్కు దిగుతుంది.

మొహావీలో జరిగిందీ ఇదే, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. పది, ఇరవై వేల ఏళ్ళ కిందట, మంచుయుగంలో ఆ ప్రాంతం ఇప్పటంత ఎండునేల కాదు. చుట్టూ కొండలు, మధ్యలో పల్లాలు. పల్లాల్లో నిలిచిన నీటికి బయటికి పోయే దారి లేదు. వాతావరణం మారి వానలు తగ్గాక ఆ సరస్సులు ఇగిరిపోయాయి. లేత రంగు బంకమట్టి బయలు మిగిలింది. చలికాలంలో ఎప్పుడైనా వాన పడితే దాని మీద కొద్ది సెంటీమీటర్ల నీరు నిలుస్తుంది. గాలి ఆ నీటిని ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ తోస్తుంది. మేస్త్రీ తాపీతో గచ్చు నున్నచేసినట్టు పాత నెర్రెలన్నీ పూడి నేల చదునవుతుంది. రోదసి నౌక దిగడానికి పనికి వచ్చింది ఈ నునుపే.

ఇప్పుడు ఆలోచించండి. చదునైన లేత రంగు నేల. చెట్టు లేదు, గడ్డి లేదు. నడిమధ్యకు వాగులు రాళ్ళను తేలేవు. అక్కడ ఒక నల్లని రాయి కనిపిస్తే అది ఎలా వచ్చినట్టు? ఎవరైనా మనిషి తెచ్చి పడేసి ఉండాలి. లేదా పైనుంచి పడి ఉండాలి. ఉతికిన పంచె మీద ఆవగింజ పడితే ఎంత దూరాన్నుంచైనా కనబడదూ!

దీనికి గాలి సాయం కూడా ఉంది. ఎండిన మట్టిని గాలి పొడిపొడిగా ఎగరేసుకుపోతుంది. రాళ్ళను మోయలేదు. అందుచేత వెయ్యేళ్ళ కిందట పడ్డ రాయి, పదివేల ఏళ్ళ కిందట పడ్డ రాయి, నిన్న పడ్డ రాయి ఒకే నేల మీద పక్కపక్కన ఉండవచ్చు. తేమ తక్కువ కనక తుప్పు కూడా నెమ్మదిగా పడుతుంది. ఇలాంటి రాళ్ళలో ఇనుప రేణువులుంటాయి. మన వానల్లో, మన మాగాణి నేలల్లో అవి తొందరగా తుప్పుపట్టి, రాయి పగిలి పిండి అవుతుంది.

అయితే ఎండు సరస్సు అన్ని విధాలా మంచిదే అనుకోకండి. సరస్సు ఇగిరినప్పుడు నీరు పోతుంది గాని నీటిలోని ఉప్పు పోదు. ఆ ఉప్పు రాతి పగుళ్ళలోకి చేరితే తుప్పు జోరందుకుంటుంది. పెద్ద వాన వస్తే కొత్త మట్టి వచ్చి రాళ్ళను కప్పేస్తుంది కూడా. ఇంతకన్న మంచి చోటు భూమి మీద ఒకటుంది, అది అంటార్కిటికా. అక్కడ మంచే తెల్లటి పంచె. 1969లో జపాను పరిశోధకులు యమాతో పర్వతాల దగ్గర మంచు మీద తొమ్మిది రాళ్ళు ఏరారు. తీరా పరీక్షిస్తే అవి ఒక జాతివి కావు! అప్పటినుంచి ఆ మంచుఖండం నుంచి వేలకు వేలు దొరికాయి. కాని అంటార్కిటికాకు ఓడలూ విమానాలూ కావాలి. ఎండు సరస్సుకు కాళ్ళూ కళ్ళూ చాలు.

తాకకముందు చేయవలసినవి

వెతికేవాళ్ళు కొందరు కలిసి, మనిషికీ మనిషికీ కొంత ఎడం వదిలి, నేల మీదినుంచి చూపు తిప్పకుండా నడుస్తారు. మిట్ట వేసవిలో అక్కడ నిలబడలేం కనక ఎక్కువగా చలికాలంలో వెళతారు. దొరికేవి కొండరాళ్ళంత ఉంటాయనుకునేరు! చాలావరకు ఉసిరికాయంత, కుంకుడుకాయంత. ఒక్కటీ దొరకని రోజులే ఎక్కువ.

రాయి కనిపించగానే చేతికి తీసుకోకూడదు. ముందు పక్కన ఒక కొలబద్ద పెట్టి ఫోటో తీయాలి. ఆ చోటు అక్షాంశం, రేఖాంశం రాసుకోవాలి. ఈ పని ఇప్పుడు ఉపగ్రహాల సంకేతాలు అందుకునే చిన్న పరికరంతో క్షణంలో అవుతుంది. తేదీ వేయాలి, రాయికి ఒక నంబరు ఇవ్వాలి. ఆ తరవాత శుభ్రమైన ప్లాస్టిక్ సంచీతో, చేతి చెమట తగలకుండా తీయాలి. మనకు ఇది చాదస్తంలా కనబడుతుంది. రాయి దొరికింది చాలదా, చోటు ఎందుకు?

ఎందుకో చెబుతాను. ఒక పెద్ద రాయి గాలిలోకి దూసుకువచ్చినప్పుడు ఆ ఒత్తిడికి తరచు ముక్కలైపోతుంది. ముక్కలన్నీ కోడిగుడ్డు ఆకారంలో ఉండే జాగాలో చెదిరి పడతాయి. మనకు కిలోమీటరు దూరంలో రెండు రాళ్ళు దొరికాయనుకోండి. అవి ఒకే రాయి ముక్కలా? లేక వేల ఏళ్ళ తేడాతో పడ్డ, ఒకదానికొకటి సంబంధం లేని రాళ్ళా? ఈ ప్రశ్నకు జవాబు తెలియకపోతే ఆ సరస్సులో పడ్డవి ఎన్ని అని లెక్క కట్టలేం. రాతి లోపలి జాతి, అది దొరికిన చోటు, రెండూ కలిపి చూస్తేనే ఈ చిక్కు విడుతుంది. జాతిని ఎప్పుడైనా పరీక్షించుకోవచ్చు. చోటు ఒకసారి పోతే పోయినట్టే.

వెతికేవాళ్ళలో చాలామంది చేతికర్ర చివర బలమైన అయస్కాంతం కట్టుకుని తిరుగుతారు. రాయిలో ఇనుముంటే అంటుకుంటుందని. ఈ అలవాటు మీకు వద్దు. కొన్ని ఉల్కాశిలల్లో, అవి పుట్టిన చోట కోట్ల ఏళ్ళ కిందట ఉన్న అయస్కాంత క్షేత్రం గుర్తు ఇంకా మిగిలి ఉంటుంది. బలమైన అయస్కాంతం తగిలితే ఆ గుర్తు చెరిగిపోతుంది, పలక మీది అక్షరం తడిగుడ్డతో తుడిచినట్టు. ‘నల్ల సుందరి’ అని ముద్దుపేరు పొందిన ఒక అంగారక శిల ముక్కలను పరీక్షిస్తే, చేతి అయస్కాంతాల వల్ల వాటి పాత గుర్తు చాలావరకు పోయిందని 2023లో వెలువడిన పరిశోధన చూపింది. అది మరి తిరిగి రాదు. దీనికి బదులు మామూలు దిక్సూచి వాడవచ్చు. రాయిని ముల్లుకు దగ్గరగా తెస్తే, ఇనుముంటే ముల్లు కదులుతుంది. ముల్లు బలహీనమైన అయస్కాంతం కనక రాయికి హాని ఉండదు.

చూసి, తూచి

పాతికేళ్ళుగా పిల్లలు ఎంతో ఉత్సాహంతో ‘ఉల్క’ అని నాకు తెచ్చి చూపించినవాటిలో ఎక్కువభాగం ఇనుప చిట్టెం. కొలిమిలోనో కర్మాగారంలోనో ఇనుము కరిగించగా మిగిలిన మడ్డి అన్నమాట. దాన్ని గుర్తుపట్టడం తేలిక. లోపల పుట్టతేనె పట్టులా బుడగల గుంటలుంటాయి. ఉల్కాశిలలో అలాంటి బుడగలుండడం చాలా అరుదు.

రాతి ఉల్కకు మొదటి గుర్తు పైనున్న నల్లని పొర. గాలిలో దూసుకువచ్చేటప్పుడు రాయి పైభాగం కరిగి ప్రవహించి, చివరికి వేగం తగ్గాక గడ్డకడుతుంది. ఆ పొర మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. లోపలికి వేడి పాకేంత వ్యవధి లేదు కనక, గీకి చూస్తే కిందనే లేత బూడిద రంగు రాయి కనిపిస్తుంది. కొన్ని రాళ్ళ మీద మెత్తని ముద్దను బొటనవేలితో నొక్కినట్టు గుంటలుంటాయి. ఎడారిలో చాలాకాలం పడి ఉంటే నల్లని పొర ఎర్రబారి గోధుమరంగుకు తిరుగుతుంది. అలా అని నల్లగా మెరిసే ప్రతి రాయీ ఉల్క కాదు. ఎడారిలో మామూలు రాళ్ళ మీద కూడా మట్టి, మాంగనీసు, ఇనుము కలిసిన పల్చని నల్లని మెరుపు పూత పేరుకుంటుంది. అనుభవం ఉన్నవాళ్ళు కూడా దీన్ని చూసి ఒక్క క్షణం ఆగిపోతారు.

రెండో గుర్తు బరువు. దీన్ని కొలిచే పద్ధతి మీ పాఠ్యపుస్తకంలోనే ఉంది. స్ప్రింగు త్రాసుకు దారంతో ఒక నల్లరాతి ముక్క, అంటే గ్రానైటు ముక్క, వేలాడదీయండి. గాలిలో 135 గ్రాములు తూగిందనుకోండి. దాన్ని నీటిలో మునిగేట్టు దించితే 85 గ్రాములు చూపిస్తుంది. తగ్గిన బరువు 50 గ్రాములు. 135ను 50తో భాగిస్తే 2.7. అంటే ఆ రాయి నీటికన్న 2.7 రెట్లు సాంద్రమైనది. మామూలు రాతి ఉల్కలకు ఈ లెక్క 3.2 నుంచి 3.8 దాకా వస్తుంది. అయస్కాంత శిల అని మనం చెప్పుకునే మాగ్నటైటు, ఎర్రని గీత గీసే హెమటైటు అయిదు దాటుతాయి. అందుచేత మరీ తేలిక కాకూడదు, మరీ బరువూ కాకూడదు.

ఒక్క జాగ్రత్త. మీ నల్లరాయిని నీళ్ళలో ముంచండి గాని, నిజమైన ఉల్కాశిలను ముంచకండి. నీరు లోపలికి పోతే తుప్పే. ప్రయోగశాలల్లో దీనికొక చక్కని ఉపాయం కనిపెట్టారు. గిన్నెలో నీటికి బదులు ఇసకలాంటి సన్నని గాజుపూసలు పోస్తారు. రాయి పెట్టి, దాని చుట్టూ పూసలు నింపి, రాయి ఎంత జాగా ఆక్రమించిందో లెక్కకడతారు. ఆర్కిమిడీసు సూత్రమే, తడి లేకుండా!

కోసి చూస్తే

ఇంతవరకు చేసినవన్నీ అనుమానాన్ని పెంచే పరీక్షలు, అంతే. నిజం తేలేది లోపల చూస్తేనే. రాతి ఒక మూలను గరుకు కాగితంతో అరగదీస్తే, బూడిద రంగులో అక్కడక్కడ వెండి రంగు చుక్కలు మెరుస్తాయి. అవి ఇనుము, నికెలు కలిసిన లోహపు రేణువులు. భూమి మీది రాళ్ళలో ఇనుము ఆక్సైడుగానో ఇంకో సమ్మేళనంగానో ఉంటుంది. శుద్ధలోహంగా కనబడడం చాలా అరుదు. అందులోనూ నికెలుతో కలిసి ఉందంటే ఆకాశపు రాయేనని గట్టిగా అనుకోవచ్చు.

ఆ లోహం చుట్టూ ఇంకో విచిత్రం ఉంటుంది. గసగసాలంత, ఆవాలంత గుండ్రని గింజలు రాయి నిండా పొదిగి ఉంటాయి. వీటిని కాండ్రూళ్ళు అంటారు. ఇవి ఉన్న రాతిని కాండ్రైటు అంటారు. భూమి మీద పుట్టిన ఏ రాతిలోనూ ఇవి ఉండవు. ఇంగ్లండులో హెన్రీ సార్బీ అనే శాస్త్రజ్ఞుడు రాళ్ళను పల్చటి రేకులుగా అరగదీసి సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతికి దారి వేశాడు. కాండ్రూళ్ళను చూసి ఆయన 1877లో ఇవి ఒకప్పుడు నిప్పు చినుకులై ఉంటాయని అన్నాడు. ఆ మాట నిలిచింది. సూర్యుడి చుట్టూ గ్రహాలింకా ఏర్పడకముందు, తేలియాడే దుమ్ము కరిగి చుక్కలై గడ్డకట్టగా పుట్టినవే ఇవి. దుమ్మును అలా కరిగించిన వేడి ఎక్కణ్ణించి వచ్చిందన్న దాని మీద మాత్రం శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. వీటి వయసు సుమారు 456 కోట్ల సంవత్సరాలు. మన కొండల్లో ఏ రాయీ అంత పాతది కాదు.

రాయికి తరగతి, సెక్షను

మీ హాజరుపట్టీలో మీ పేరు పక్కన తరగతి, సెక్షను, నంబరు ఉంటాయి కదా. రాతి ఉల్కకూ అలాగే రాస్తారు. ఉదాహరణకు ‘ఎల్6, ఎస్3, డబ్ల్యు2’ అని. గుప్తలిపిలా ఉంది గాని, చదవడం వస్తే అది రాయి జీవితచరిత్ర.

మొదటి అక్షరం ఇనుము లెక్క. ఇంగ్లీషు ‘హెచ్’ అంటే ఇనుము ఎక్కువ, ‘ఎల్’ అంటే తక్కువ, ‘ఎల్ఎల్’ అంటే ఇనుమూ తక్కువే, అందులో లోహంగా ఉన్నది మరీ తక్కువ. దీన్ని తేల్చడానికి రాతిని కోసి, మిల్లీమీటరులో నూరింట మూడు వంతుల మందానికి అరగదీస్తారు. అప్పుడు రాయి గుండా వెలుగు గాజులోంచి వచ్చినట్టు వస్తుంది. సూక్ష్మదర్శినిలో ప్రత్యేకమైన వెలుగు పంపి చూస్తే పచ్చ, నీలం, గులాబి రంగులతో చర్చి కిటికీ అద్దంలా ఉంటుంది. తరవాత సన్నని ఎలక్ట్రాను కిరణాన్ని ఒక్కొక్క గింజ మీదికి పంపుతారు. గింజలోని మూలకాలు ఒక్కొక్కటీ తనదైన ఎక్స్ కిరణాన్ని విడుస్తాయి. వాటిని కొలిస్తే ఏది ఎంత ఉందో తెలుస్తుంది. ఆలివీన్ అనే ఆకుపచ్చ ఖనిజంలో మెగ్నీషియమూ ఇనుమూ ఒకదాని జాగాలో ఒకటి కూచుంటాయి. నూరు జాగాల్లో ఇనుము 16 నుంచి 20 దాకా ఆక్రమిస్తే ఆ రాయి హెచ్. సుమారు 22 నుంచి 26 అయితే ఎల్. అది కూడా దాటితే ఎల్ఎల్.

ఇక్కడ మీలో ఎవరికైనా సందేహం వచ్చి ఉండాలి. హెచ్ అంటే ఇనుము ఎక్కువ అన్నారు, మరి ఆలివీన్‌లో దానికే తక్కువ ఉందేం? మంచి ప్రశ్న. హెచ్ రాతిలో ఇనుము చాలావరకు లోహపు రేణువులుగా విడిగా ఉంటుంది. అందుకని ఖనిజంలోకి చేరేది తక్కువ. ఎల్ఎల్ రాతిలో ఇనుము ఆక్సిజనుతో కలిసి ఖనిజంలోకి దూరిపోయింది. అందుకే దానిలో మెరిసే చుక్కలు అరుదు, దిక్సూచి ముల్లు కూడా అంతగా కదలదు.

అక్షరం తరవాత వచ్చే అంకె, రాయి తన తల్లి గ్రహశకలంలో ఉన్నప్పుడు ఎంత కాగిందో చెబుతుంది. వాన్ ష్మస్, వుడ్ అనే ఇద్దరు అమెరికన్లు 1967లో ఈ పద్ధతి పెట్టారు. ఈ రాళ్ళలో 3 అంటే అన్నిటికన్న తక్కువ కాగినది. కాండ్రూళ్ళు అచ్చుగుద్దినట్టు స్పష్టంగా ఉంటాయి. 6 అంటే బాగా కాగినది. కరగలేదు గాని, వేడికి స్ఫటికాలు పెరిగి కాండ్రూళ్ళ అంచులు చుట్టుపక్కల పదార్థంలో కలిసిపోయాయి. పాకంలో పడ్డ బూందీ లడ్డూలో గింజల అంచులు కలిసిపోయినట్టు. పైన చెప్పిన నెల్లూరు రాయి హెచ్6 జాతిది. ఇనుము ఎక్కువ, బాగా కాగింది అని మీరే చదవగలరు ఇప్పుడు.

ఎస్ అంటే దెబ్బ. గ్రహశకలాలు ఒకదానినొకటి ఢీకొన్నప్పుడు ఖనిజాల్లో పగుళ్ళు, మెలికలు ఏర్పడతాయి. ఏ దెబ్బా తగలనిది ఎస్1, భయంకరంగా తగిలింది ఎస్6. ఎల్ జాతి రాళ్ళలో చాలావాటికి గట్టి దెబ్బలున్నాయి. సుమారు 47 కోట్ల ఏళ్ళ కిందట వాటి తల్లి గ్రహశకలం పెద్ద గుద్దుకు బద్దలైందని వాటి వయసు లెక్కలు చెబుతున్నాయి. చివరిది డబ్ల్యు, భూమి మీద పడ్డాక పట్టిన తుప్పు. డబ్ల్యు0లో తుప్పు లేదు. డబ్ల్యు2లో సగం అటూఇటూగా లోహం తుప్పుపట్టింది. డబ్ల్యు4లో ఇంచుమించు అంతా పోయింది. ఎండు సరస్సు రాళ్ళకు ఈ చివరి అంకె చాలా ముఖ్యం. పక్కపక్కన దొరికిన రెండు ఎల్6 రాళ్ళలో ఒకటి డబ్ల్యు1, ఇంకొకటి డబ్ల్యు4 అయితే అవి ఒకే రోజు పడ్డవి కాకపోవచ్చు.

రాయి ఎప్పుడు పడిందో లెక్కకట్టే మార్గం కూడా ఉంది. అంతరిక్షంలో ఉన్నంతకాలం విశ్వకిరణాల తాకిడికి రాతిలో కార్బన్ 14 పుడుతూ ఉంటుంది. భూమి మీద మన గాలి గొడుగు పట్టడం వల్ల అది పుట్టడం ఆగి, 5,730 ఏళ్ళకు సగం చొప్పున తరిగిపోతుంది. మిగిలినది కొలిస్తే పడ్డ కాలం తెలుస్తుంది.

పరీక్షలు పూర్తయ్యాక నామకరణం. ఉల్కాశిలకు దొరికిన చోటి పేరే పెడతారు. ఒకే సరస్సులో చాలా దొరికితే కయోటీ ఎండు సరస్సు 1, 2, 3 అని వరసగా నంబర్లు వేస్తారు. ఉల్కాశిలల అధ్యయన సంఘం వారి కమిటీ ఒప్పుకుంటేనే పేరు ఖాయం. దానికి ఒక షరతు ఉంది. రాయిలో 20 గ్రాములు, రాయి చిన్నదైతే దాని బరువులో అయిదో వంతు, గుర్తింపు ఉన్న మ్యూజియంలోనో విద్యాసంస్థలోనో భద్రపరచాలి. రేపు కొత్త పరికరం వస్తే మళ్ళీ పరీక్షించడానికి రాయి ఉండాలి కదా! 2010లో జపాను నౌక హయబుసా ఇతోకావా అనే గ్రహశకలం నుంచి ధూళి తెచ్చింది. దాన్ని పరీక్షిస్తే ఎల్ఎల్ రాళ్ళతో సరిపోయింది. ఎల్ఎల్ రాళ్ళు ఎలాంటి చోటినుంచి వచ్చాయో అలా రుజువైంది. పోల్చడానికి భద్రంగా దాచిన రాళ్ళు లేకపోతే ఆ ధూళి ఒక్కటే ఏం చెప్పగలదు?

ఇరవయ్యేళ్ళు పడి ఉన్న రాళ్ళు

1999 అక్టోబరులో లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో రాబర్ట్ వెరిష్ అనే ఆయన ఇంట్లో తన పాత రాళ్ళ పోగు సర్దుకుంటున్నాడు. సుమారు ఇరవయ్యేళ్ళ కిందట మొహావీ ఎడారిలో ఏరి తెచ్చుకున్న రెండు రాళ్ళు చేతికి తగిలాయి. ఒకటి 452.6 గ్రాములు, రెండోది 245.4 గ్రాములు. పైన నల్లని పొర మెరుస్తోంది. ఈలోగా ఆయన ఉల్కాశిలల గురించి చాలా నేర్చుకున్నాడు. వెంటనే అనుమానం వచ్చి ఆ నగరంలోని విశ్వవిద్యాలయంలో చూపించాడు.

వాటిలో కాండ్రూళ్ళు లేవు. లోహపు చుక్కలు లేవు. ఇంతసేపూ మనం చెప్పుకున్న గుర్తుల్లో ముఖ్యమైనవి రెండూ లేవన్నమాట. కాని అవి ఉల్కాశిలలే. అంగారక గ్రహం మీద సుమారు 17 కోట్ల ఏళ్ళ కిందట లావా గడ్డకట్టి ఏర్పడిన రాళ్ళు! ఏదో పెద్ద తాకిడికి అక్కణ్ణించి ఎగిరి, అంతరిక్షంలో తిరిగి తిరిగి మన భూమికి చేరాయి.

ఈ జాతిని షెర్గటైటు అంటారు. ఆ పేరు మన దేశపు పేరే. 1865 ఆగస్టు 25న బీహారులోని షేర్ఘాటీ దగ్గర సుమారు అయిదు కిలోల రాయి పడింది. ఈ రకంలో మొదటిది అదే కనక జాతికి ఆ ఊరి పేరు వచ్చింది. అది అంగారకుడిదని అప్పట్లో ఎవరూ ఊహించలేదు. 1976లో వైకింగ్ నౌకలు అంగారకుడి మీద దిగి అక్కడి గాలిని పరీక్షించాయి. అంటార్కిటికాలో దొరికిన ఒక షెర్గటైటులో చిక్కుకున్న వాయువులు ఆ గాలితో సరిపోతున్నాయని 1983లో తేలింది. అంతటితో గుట్టు రట్టయింది.

మరి వెరిష్ రాళ్ళకు ఏం పేరు పెట్టారు? సరస్సు పేరు పెడదామంటే ఎక్కడ ఏరినదీ రాసిపెట్టుకోలేదు. అందుకని పక్కనున్న మహానగరం పేరు తగిలించి లాస్ ఏంజెలిస్ 1, 2 అన్నారు. ఒకే రాయి ముక్కలు దొరికిన చోట ఇంకా ముక్కలు ఉండవచ్చు. ఆ చోటే తెలియదు.

మన దేశంలో పడ్డ ఉల్కాశిలలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వారు కలకత్తాలో భద్రపరుస్తున్నారు. మీ ఊళ్ళో రాయి పడ్డట్టు తెలిస్తే దాన్ని కడగకండి, పగలగొట్టకండి. శుభ్రమైన కాగితంలో చుట్టి, ఎక్కడ, ఏ వేళకు పడిందో, చూసినవాళ్ళు ఎవరో రాసి, మీ సైన్సు మాస్టారి ద్వారా వారికి తెలియజేయండి.

ఇక మీకొక లెక్క. ఎండు సరస్సు నడిబొడ్డున నాలుగు రాళ్ళు దొరికాయి. మొదటిది నల్లగా నిగనిగలాడుతోంది, నీటికన్న 5.1 రెట్లు సాంద్రమైనది, పెంకు వెనకవైపు గీస్తే ఎర్రని గీత పడింది. రెండోది చేతిలో తేలిగ్గా ఉంది, విరిచిన చోట బుడగల గుంటలున్నాయి. మూడోది గోధుమరంగు, సాంద్రత 3.4, ఒక పక్క నల్లని పల్చటి పొర, దిక్సూచి ముల్లు కదిలింది, అరగదీస్తే చుక్కలు మెరిశాయి. నాలుగోదానికి నల్లని మెరిసే పొర ఉంది, గీకితే కింద లేత బూడిద రంగు. దిక్సూచి కదలలేదు, చుక్కలూ లేవు. ఏవి ఉంచుతారు, ఏవి పారేస్తారు?

మొదటిది హెమటైటు, రెండోది చిట్టెం. మూడోది కాండ్రైటు అయ్యే అవకాశం బాగా ఉంది. నాలుగోదాన్ని పారేస్తానన్నవాళ్ళు వెరిష్ రాళ్ళ సంగతి మళ్ళీ ఒకసారి చదవండి.